ముప్ఫై ఎనిమిది మాత్రలు

ఆ ఎండాకాలం నేను దొంగనయ్యాను. ఏభై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఒకరి పెన్సిలు ముక్క కూడా ముట్టుకోనిదాన్ని, నా మందు నేనే దొంగతనంగా జిగురు గిన్నెలో పడేశాను. రోజుకొకటి చొప్పున ముప్ఫై ఎనిమిది. ఎందుకయ్యా అంటే పుస్తకాలు కుట్టడానికి. నవ్వొస్తే నవ్వండి, నాకూ ఇప్పుడు నవ్వే వస్తోంది.

మాది పుస్తకాల బైండింగు షాపు. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. పనిచేసేది ముగ్గురం. కటింగ్ మిషను మా ఆయనది, దాని దగ్గరికి ఇంకెవరినీ రానివ్వడు. పాత పుస్తకాన్ని విప్పి, ఫారాలు విడదీసి, చిరిగినచోట అతికించి, మళ్లీ వరసగా దారంతో కుట్టడం నాది. ఫారం అంటే పదహారు పేజీల మడత. అలాంటి మడతలు ఇరవయ్యో ముప్ఫయ్యో కలిస్తే ఒక పుస్తకం. నేను కుట్టి ఇచ్చాక వెన్నుకి జిగురు పూసి, సుత్తితో గుండ్రంగా కొట్టి, అట్ట ఎక్కించడం మా ఆడపడుచుది. మా ఆయనకి అక్క, నాకు వదిన. పెళ్లి మాటెత్తితే ఇంట్లోంచి లేచిపోయి సాయంత్రానికి తిరిగొచ్చేదట, చివరికి పెద్దవాళ్లే అడగడం మానుకున్నారు. ముప్ఫై నాలుగేళ్లుగా ఒకే బల్లకి ఆ కొస ఆవిడ, ఈ కొస నేను. ఆవిడ నోటికి జడిసి కస్టమర్లు మా ఆయనతోనే మాట్లాడతారు.

అంతకు ముందు ఏడాది నా ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. రొమ్ము తీసేశారు. రేడియేషన్ ఇచ్చారు. మూడు ముక్కల్లో చెప్పేశానేంటి అనుకోకండి, నాకలాగే జరిగినట్టుంది. పడుకోమంటే పడుకున్నాను, లెమ్మంటే లేచాను, అంతే. అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది, పెసరగింజకి కాస్త పెద్దదిగా ఉండే ఒక మాత్రతో.

"రోజుకొకటి వేసుకోవాలి. ఐదేళ్లు" అంది డాక్టరమ్మ.

"దేనికమ్మా ఈ మాత్ర?"

"మీ గడ్డ హార్మోను తిని పెరిగే రకం. ఆ హార్మోను ఒంట్లో తయారు కాకుండా ఇది ఆపుతుంది."

"నాకు నెలసరి ఆగిపోయి తొమ్మిదేళ్లయింది డాక్టరమ్మా. లేనిదాన్ని ఆపడమేంటి?"

పక్కనే కూర్చున్న వదిన అందుకుంది. "బాగా అడిగావు. ఖాళీ ఇంటికి తాళమెందుకంట?"

డాక్టరమ్మకి కోపం రాలేదు. "పూర్తిగా ఖాళీ కాదండీ. అండాశయాలు పని మానేశాయి, నిజమే. కానీ కొవ్వులోనూ కండలోనూ కొంచెం కొంచెం తయారవుతూనే ఉంటుంది. మీకది కొంచెమే. ఎక్కడైనా ఒక్క చెడ్డ కణం మిగిలి ఉంటే మాత్రం దానికి ఆ కొంచెం చాలు."

డాక్టరమ్మ చీటీ మీద రాయడం మొదలుపెట్టింది.

"కీళ్లు పట్టేస్తాయి, ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడొచ్చు. కాల్షియం రాస్తున్నాను, రోజూ నడవండి. ఏ ఇబ్బంది వచ్చినా నా దగ్గరికి రండి. మీ అంతట మీరు మానెయ్యకండి." ఆ ఆఖరి మాట రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ బుద్ధిగా తలూపాను.

నాలుగో నెలకల్లా వేళ్లు పట్టేశాయి. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు. వేడినీళ్లలో పావుగంట పెడితే తప్ప సీసా మూత తిప్పలేకపోయేదాన్ని. ఆవిర్ల సంగతి సరేసరి, ఉన్నట్టుండి మెడ దగ్గర మొదలై నెత్తి దాకా మండిపోయేది. వదిన ఫ్యాను నా వైపు తిప్పి, తను చెమటలు కక్కుతూ, "నీతోపాటు నన్నూ ఉడకబెడుతున్నావు కదే" అని సణిగేది. ఫ్యాను మాత్రం మళ్లీ తన వైపు తిప్పుకునేది కాదు.

మాత్ర మొదలుపెట్టిన పదో నెలలో కాలేజీకి సెలవులిచ్చారు. ఏటా సెలవులివ్వగానే కాలేజీ లైబ్రరీ నుంచి చిరిగిన పుస్తకాలు మాకొస్తాయి. డెబ్బై రోజుల్లో కుట్టి, కాలేజీ తెరిచేనాటికి అప్పగించాలి. ఇరవై ఏళ్లుగా అదే వరస. లైబ్రేరియన్ గారు స్వయంగా బండి వెంట నడిచొస్తాడు. సన్నగా, వంగిపోయి, కళ్లజోడుకి తాడు కట్టుకుని ఉంటాడు. ఆ ఏడాది నూట ఇరవై పుస్తకాలు దింపించాడు.

"ఈసారి కొంచెం ఎక్కువే తెచ్చాను" అన్నాడు. "మీకేదో చిన్న ఆపరేషన్ అయిందన్నారు, ఇప్పుడు కులాసాయేనా?"

"కులాసాయే" అన్నాను. బయటివాళ్లందరికీ చిన్న ఆపరేషన్ అనే చెప్పాం. అలా చెప్పమన్నది నేనే. జబ్బు మనిషి కుట్టిన పుస్తకం అని ఒకసారి మనసులో పడితే ప్రతి కుట్టులోనూ జబ్బే కనిపిస్తుంది జనానికి.

"మీ చేతి కుట్టైతే పదిహేనేళ్లు నేను మళ్లీ తిరిగి చూసుకోనక్కర్లేదు" అని ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు మొదటి పుస్తకం ముందు పెట్టుకుని, దారానికి మైనం రాసి, సూదిలోకి ఎక్కించడానికే ఆపసోపాలు పడ్డాను. మూడో ఫారం దగ్గర సూది జారి కింద పడింది. తీసుకున్నాను. మళ్లీ పడింది. దారం లాగి బిగించాల్సిన చోట బొటనవేలు ఒప్పుకోవడం లేదు. రొమ్ము తీసేసిన రోజు నేను ఏడవలేదు, నర్సు అడిగింది కూడా, ఏంటమ్మా ఇంత నిబ్బరంగా ఉన్నారని. ఆ రోజు నాలుగోసారి సూది పడ్డప్పుడు బల్ల కింద దూరి, సూది వెతుకుతున్నట్టు నటిస్తూ వెక్కివెక్కి ఏడ్చాను.

అక్కడే, బల్ల కిందే, నిర్ణయం చేసేసుకున్నాను. ఐదేళ్లలో డెబ్బై రోజులు ఓ లెక్కా? పుస్తకాలు అప్పగించిన మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెడతాను, ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాను. డాక్టరమ్మని అడిగితే వద్దంటుంది, అందుకని అడగలేదు. ఒకవేళ ఆ డెబ్బై రోజుల్లోనే ఏమైనా అయితే అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, దాన్ని పక్కకి నెట్టాను.

చిక్కల్లా మా ఆయనతోనే. పొద్దున ఎనిమిదింటికి ఫోనులో గంట పెట్టుకునేవాడు. "వేసుకున్నావా?" అని మిషను దగ్గర్నుంచే కేక. సాయంత్రం మాత్రల రేకు తీసి ఎన్ని ఖాళీ అయ్యాయో చూసుకునేవాడు. కాబట్టి మాత్ర రేకులో ఉండకూడదు, నా నోట్లోకీ పోకూడదు. గంట మోగగానే రేకులోంచి మాత్ర నొక్కి, నోటి దాకా తీసుకెళ్లి, నీళ్లు తాగి, గుప్పిట్లో ఉన్నదాన్ని వెళుతూ వెళుతూ బల్ల మీది మైదా జిగురు గిన్నెలో జారవిడిచేదాన్ని. జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎలాగూ కలుపుతాం, దాంతోపాటు ఇదీ. ఆ లైబ్రరీ పుస్తకాలకి నా జబ్బు మాత్రం చచ్చినా రాదు.

మూడో వారంలో వేళ్లు వదిలాయి. ఒక పొద్దున లేచేసరికి పిడికిలి దానంతటదే ముడుచుకుంది. మంచం మీద కూర్చుని పదిసార్లు ముడిచి విప్పాను. అబద్ధమెందుకు చెప్పాలి, ఎంత సంతోషమేసిందో! అప్పటిదాకా రోజుకో పుస్తకం గగనమైపోయినదాన్ని రెండేసి అవలీలగా కుట్టేశాను. దారం లాగితే ఫారాలు ఒకదానికొకటి కరుచుకుని కూర్చునేవి. పాత చెయ్యి తిరిగొచ్చింది. మా ఆయన మిషను దగ్గర కూనిరాగాలు మొదలుపెట్టాడు. "చూశావా, ఒంటికి అలవాటు పడాలంతే" అని అక్కతో అన్నాడు. వదిన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడ తత్వం కాదు, అది నాకు అప్పుడే తట్టాల్సింది.

ముప్ఫై ఎనిమిదో రోజు మధ్యాహ్నం మా ఆయన అట్టలు కొనడానికి బజారుకెళ్లాడు. వదిన రెండు పుస్తకాలు తెచ్చి నా ముందు పడేసింది. రెంటికీ ఇంకా అట్టలు వెయ్యలేదు, వెన్ను మీద కుట్లు బయటికే ఉన్నాయి.

"ఇది మొదటి వారంలోది, పక్కన పెట్టి ఉంచాను. ఇది నిన్నటిది. వెన్ను మీద వేలు పెట్టు."

"పనుంది వదినా, నీ ఆటలు తర్వాత."

"పెట్టవే!"

పెట్టాను.

"మొదటిదాంట్లో కుట్టు కింద నా గోరు దూరింది. నిన్నటిదాంట్లో కాగితం కూడా దూరదు" అంది.

"అయితే మెచ్చుకో."

"మెచ్చుకుందామనే వారం నుంచీ చూస్తున్నా. మాత్ర మానేశావు కదూ?"

"మానెయ్యడమేంటి, కావాలంటే రేకు చూసుకో..."

"రేకు తమ్ముడు చూస్తాడు. నేను కుట్టు చూస్తాను. ఆరు నెలలు పట్టేసిన వేళ్లు ఊరికే వదలవు." కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఎక్కడ పడేస్తున్నావు?"

నా కళ్లు జిగురు గిన్నె మీదికి పోయాయి. ఆవిడ కళ్లూ నా కళ్ల వెంటే పోయాయి.

"ఓసి నీ మొహం మండా! జిగురు ఉండకడుతోందని ఆ మైదా అమ్మేవాణ్ణి నలుగురిలో కడిగేసి వచ్చానే! నోరెత్తకుండా తిట్లు తిన్నాడు పాపం!"

నేను నవ్వేశాను. ఆవిడా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నిన్నటి పుస్తకం దగ్గరికి లాక్కుని, చాకు తీసుకుని, వెన్ను మీద మొదటి దారం కిందికి దూర్చి కోసేసింది. తర్వాత రెండోది. తొందరేం లేదు, పుస్తకం విప్పేటప్పుడు ఎప్పుడూ ఎలా కోస్తుందో అలాగే. ఫారాలు ఒక్కొక్కటే ఊడి పక్కకి వాలాయి.

"పిచ్చా నీకు? ముప్ఫై ఏళ్లలో నేనంత బాగా కుట్టింది లేదు!"

"తెలుసు."

"తెలిసీ కోస్తావా?"

ఆవిడ ఫారాలన్నీ బల్ల మీద తట్టి, అంచులు సరిచేసి, నా ముందు పెట్టింది. "పుస్తకం పోతే ఇంకో పుస్తకం. నిన్ను ఆపరేషన్ గదిలోకి తోసుకెళుతుంటే బయట కూర్చుంది నేను. తమ్ముడు గుమ్మం దగ్గరే కూలబడ్డాడు, వాణ్ణి పట్టుకున్నదీ నేనే. ఇంకోసారి కూర్చునే ఓపిక నాకు లేదు. మాత్ర వేసుకుని కుట్టు. అది ఎంత చండాలంగా ఉన్నా అట్ట వేస్తాను."

ఊడిన ఫారాలని అటూ ఇటూ సర్దుతూ కూర్చున్నాను.

మా ఆయన వచ్చాక చెప్పింది కూడా ఆవిడే. అరుస్తాడనుకున్నాను. మందుల డబ్బాలోంచి ఖాళీ రేకు తీసి, వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "రోజూ చూశానే" అన్నాడు. అంతే. ఇన్నేళ్ల కాపురంలో నన్ను తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

రెండు రోజులకి డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం.

"ఎన్నాళ్లు మానేశారు?"

పది రోజులు అనబోయాను. వదిన గొంతు సవరించుకుంది.

"పారేసినవి ముప్ఫై ఎనిమిది. మీకు చెప్పేదాకా వేసుకోలేదు, ఇవాల్టికి నలభై రోజులు" అన్నాను.

తిడుతుందని భుజాలు ముడుచుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీరు బైండింగు పని చేస్తారని నాకు చెప్పలేదు. ఇంట్లోనే ఉంటాను అన్నారు."

"షాపు ఇంట్లోనే కదమ్మా" అన్నాను. అదీ నిజమే.

"మీలాగే చాలామంది చెప్పకుండా మానేస్తారు. చెబితే దారి వెతకొచ్చు. ఇదే పని చేసే మాత్ర ఇంకొకటి ఉంది. ఒకటి పడనివాళ్లకి ఒక్కోసారి రెండోది పడుతుంది. అదీ పడకపోతే వేరే ఆలోచిద్దాం. వేళ్లకి వ్యాయామం చూపిస్తారు, మరీ బాధగా ఉంటే నొప్పికి వేరే మందిస్తాను. కానీ వేళ్లు మునుపటిలా ఆడతాయని మాటివ్వలేను."

"మరి జబ్బు మళ్లీ రాదని?"

"అదీ రాసివ్వలేనమ్మా. వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. మీరు వేసుకుంటే."

ఇంకా ఎన్నాళ్లని వదిన అడిగింది. నాలుగేళ్ల రెండు నెలలు అని డాక్టరమ్మ చెప్పింది. బయటికొచ్చాక మెట్ల మీద వదిన వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "అప్పటికి నాకు అరవై తొమ్మిది దాటతాయి. నిన్ను కాపలా కాయడానికైనా బతకాలి, ఖర్మ" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మా ఇద్దరికీ అలాంటి అలవాట్లు లేవు, కాబట్టి రోడ్డు దాటగానే వదిలేశాం.

కొత్త మాత్ర మర్నాటి నుంచి మొదలుపెట్టాను. గంట మోగగానే మా ఆయన రేకు తనే తీసి, మాత్ర నొక్కి నా అరచేతిలో వేసేవాడు. మింగాక నోరు తెరిచి చూపించాల్సి వచ్చేది. ఏభై తొమ్మిదేళ్లకి ఇదేం ఖర్మరా అనుకున్నాను గానీ, నోరు తెరిచాను. పది రోజులు వేళ్లు బాగానే ఆడాయి. ఆ పది రోజులూ తల ఎత్తకుండా కుట్టాను, వేళ్ల బిగువు మళ్లీ వస్తుందో రాదో, వస్తే ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి. పన్నెండో రోజు సూది జారింది.

మునుపంత కాదు. సీసా మూతలు తిప్పగలుగుతున్నాను, పిడికిలి సగం ముడుచుకుంటోంది. కానీ దారం బిగించే ఆ చివరి లాగుడు మాత్రం రావడం లేదు. మర్నాడు ఎనిమిదింటికి గంట మోగినప్పుడు మా ఆయన చేతిలో మాత్ర వైపు చాలాసేపు చూశాను. "ఏంటి?" అన్నాడు భయంగా. "ఏం లేదు, నీళ్లివ్వండి" అన్నాను.

వదిన ఒక పుస్తకం కుట్టి చూసింది. పుస్తకం మధ్యలో ఉబ్బి, పక్కకి ఒరిగి నిలబడింది. "దీన్ని గ్రంథం అనడం కంటే దిండు అనడం నయం" అని తనే విప్పేసింది. కాలేజీ తెరవడానికి రెండు రోజులుందనగా లెక్క చూస్తే నూట ఇరవైలో ఇరవై మూడు మిగిలిపోయాయి.

"నేను వెళ్లి ఆయనతో ఏదో ఒకటి చెబుతాలే" అన్నాడు మా ఆయన.

"ఏదో ఒకటి చెప్పడం అయింది. ఈసారి నేను చెబుతాను" అన్నాను.

కుట్టిన తొంభై ఏడూ బండి మీద ముందు పంపించి, మిగిలినవి తోపుడుబండిలో పెట్టుకుని నేనూ వదినా వెళ్లాం. లైబ్రరీలో కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి, నేల అప్పుడే కడిగారు. లైబ్రేరియన్ గారు కుట్టిన పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటున్నాడు. కొన్నింటి దగ్గర ఆగాడు. అవి ఏవో నాకు తెలుసు, కుట్టు వదులైనవి.

"ఈ ఇరవై మూడూ నేను కుట్టలేదు" అన్నాను. "కుట్టలేను. నాది చిన్న ఆపరేషన్ కాదండీ. రొమ్ము క్యాన్సర్. అది మళ్లీ రాకుండా మాత్ర వేసుకుంటున్నాను. వేసుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి. మానేస్తే బాగుంటాయి. మధ్యలో మానేసి చూశాను కూడా. మీ పుస్తకాల్లో బాగా వచ్చినవన్నీ అప్పుడు కుట్టినవే. ఇంక మానను."

ఇంట్లోవాళ్లకీ ఆస్పత్రివాళ్లకీ తప్ప బయటి మనిషికి ఆ జబ్బు పేరు చెప్పడం అదే మొదటిసారి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తోపుడుబండి దగ్గరికి వచ్చాడు. పుస్తకాలు తెరిచి చూస్తూ రెండు దొంతరలు పెట్టాడు.

"ఈ పన్నెండూ పిల్లలకి రేపే కావాలి. మిషను కుట్టుకి పంపించేస్తాను" అన్నాడు.

సరేనన్నాను. ఇరవై ఏళ్లలో ఆ లైబ్రరీ పుస్తకం ఒక్కటి కూడా ఇంకొకరి చేతికి పోలేదు. వదిన ఏదో అనబోతే కళ్లతోనే ఆపాను, ఆయన తప్పేం లేదు.

రెండో దొంతర పదకొండు. బాగా పాతవి. ఒకటి తెరిచి మధ్యలో వేలు పెట్టాడు. "ఇవి మిషనుకి ఇస్తే కుట్టు లోపలి అక్షరాల మీద పడుతుంది. మార్జిను లేదు."

"లేదు" అన్నాను. "చేత్తోనే కుట్టాలి."

"ఆ మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలన్నారు?"

"ఇంకా నాలుగేళ్లు. పైన ఒక నెల."

ఆయన పదకొండు పుస్తకాలనీ నాడాతో కట్టి, తన బల్ల దగ్గరికి తీసుకెళ్లి, సొరుగులోంచి తేదీ ముద్ర తీశాడు. చిన్న చిన్న రబ్బరు చక్రాలు తిప్పితే తేదీ మారే ముద్ర అది. పెన్ను మొనతో ఏడాది చక్రాన్ని ఒక్కో గడీ జరిపాడు, నాలుగు గళ్లు. తర్వాత నెల చక్రం ఒక గడి. ఆగి నా చేతుల వైపు చూశాడు.

"మాత్ర ఆపాక వేళ్లు సర్దుకోవడానికి ఇంకో రెండు నెలలు వేద్దామా?"

"వెయ్యండి" అంది వదిన, నన్నడగకుండానే.

ఇంకో రెండు గళ్లు జరిపి, చీటీ మీద గట్టిగా గుద్దాడు. వెనక్కివ్వాల్సిన తేదీ. రిజిస్టరు తిప్పి నా వైపు జరిపి, తీసుకున్నవారు అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు.

"పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇక్కడ చెమ్మ. ఇంత గడువు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు, దాటకండి."

పెన్ను అందుకున్నాను. వేళ్లలో నిలవలేదు, జారి రిజిస్టరు మీద పడింది. మళ్లీ తీశాను, మళ్లీ జారింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. మూడోసారి పట్టు దొరికింది. పొడి అక్షరాలు కాకుండా నా పేరు మొత్తం రాసి, కింద తేదీ వేశాను.